అటక గదికి ఏ మెట్లు? ముందు పైనుంచి కొలవండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పి చూస్తాను, తప్పుంటే సరిదిద్దండి. వాలు కప్పు కింద ఉన్న అటకను మీ అమ్మాయికి పడకగదిగా మారుస్తున్నారు. కింది నేల నుంచి పై నేలకు 2.6 మీటర్లు. నడవా చివర 1.6 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల పొడవు చోటు మెట్లకు ఇవ్వగలరు. అటకలో ఎత్తు కప్పు వెన్ను (రెండు వాలులూ పైన కలిసే చోటు) కింద 2.3 మీటర్లు, కప్పు వాలు 35 డిగ్రీలు. అమ్మేవారు మూడు రకాలు చూపించారు: గుండ్రటి ఇనుప మెట్లు, ఎడమ కాలికొకటి కుడి కాలికొకటి చొప్పున కోసిన చెక్క మెట్లు, మడత నిచ్చెన. వీటిలో దేనికి తక్కువ చోటు పడుతుందని అడిగారు.

తక్కువ చోటు మడత నిచ్చెనకే పడుతుంది. అందులో సందేహం లేదు. కానీ పాతికేళ్లకు పైగా మెట్లు చేసి బిగించే పనిలో ఉన్నాను, ఈ ప్రశ్న ఇలా అడిగిన ఇళ్లలో చాలావాటికి రెండేళ్లు తిరక్కుండా మళ్లీ వెళ్లాను. మొదటిసారి చోటు మిగిల్చిన మెట్లను తీసేసి, మనిషి దిగగలిగే మెట్లు పెట్టడానికి.

మడత నిచ్చెన సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఏడాదికి నాలుగుసార్లు పెట్టెలు ఎక్కించి దింపే అటకకు అది చక్కటి వస్తువు. మనిషి పడుకునే గదికి పనికిరాదు. అది 60 డిగ్రీలకు పైగా నిటారుగా ఉంటుంది, కాబట్టి దిగేటప్పుడు నిచ్చెన వైపు తిరిగి, వెనక్కి దిగాలి. రెండు చేతులూ దానికే కావాలి. అర్ధరాత్రి కింద మంటలు రేగితే పైనున్న మనిషి ముందు మూత తెరవాలి, నిచ్చెన జార్చాలి, ఆ తర్వాత దిగాలి. నివాస గదికి అది ఏకైక దారిగా ఉండటాన్ని చాలా చోట్ల నిర్మాణ నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా నేను బిగించను.

ఇక మిగిలిన వాటికి వచ్చే ముందు, మీరు కొలవని ఒక కొలత ఉంది. మీరు కింది చోటు కొలిచారు, పై చోటు కొలవలేదు. అటక మెట్ల విషయంలో అందరూ చేసే పొరపాటు ఇదే. కింద ఎంత చోటు పడుతుందో చూస్తారు. పైన అవి ఎక్కడ తేలతాయో, అక్కడ తల తగులుతుందో లేదో చూడరు.

మీ లెక్కే తీసుకుందాం. మెట్లు ఎక్కే మనిషి తల తగలకుండా, పాదం మోపిన మెట్టు నుంచి పైకప్పు దాకా 2 మీటర్ల ఖాళీ ఉండాలన్నది చాలా చోట్ల ఉన్న లెక్క. అటకల విషయంలో కొన్ని చోట్ల 1.9 మీటర్లకు ఒప్పుకుంటారు. మీ వెన్ను కింద ఎత్తు 2.3 మీటర్లు. కప్పు 35 డిగ్రీల వాలులో దిగుతోంది కాబట్టి ప్రతి మీటరుకు 70 సెంటీమీటర్లు తగ్గుతుంది. అంటే వెన్ను నుంచి రెండు పక్కలా 43 సెంటీమీటర్లు వెళ్లేసరికే ఎత్తు 2 మీటర్లకు పడిపోతుంది. మీ అటకలో నిటారుగా నిలబడి దర్జాగా నడవగలిగేది 86 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలో మాత్రమే. మెట్లు పైకి తేలాల్సింది ఆ పట్టీలోనే. కింద ఎంత చోటున్నా, మెట్ల పై అంచు ఆ పట్టీకి చేరకపోతే మీ అమ్మాయి రోజూ నడుము వంచి తన గదిలోకి పాకాలి.

కాబట్టి మొదటి పని: అటకలోకి ఎక్కి, వెన్ను నుంచి తూకపు గుండు వేలాడదీయండి. అటక నేల మీద దాని కింద సున్నపు గీత గీయండి. గీతకు రెండు పక్కలా 43 సెంటీమీటర్ల దూరంలో ఇంకో రెండు గీతలు. తర్వాత కింద నడవాలో మీరు అనుకున్న చోటు ఆ గీతలకు ఎటు పక్కన, ఎంత దూరంలో ఉందో చూడండి. ఆ కొలత నాకు రాస్తే సగం ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కప్పుకు లోపలి వైపు ఉష్ణం ఆపే పొర, దాని మీద బోర్డు ఇంకా వేయకపోతే వాటి మందం కూడా 2.3 నుంచి తీసేయడం మరిచిపోకండి. 10 సెంటీమీటర్లు అక్కడ పోయిందంటే మీ పట్టీ 86 నుంచి 57 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. అప్పుడు మెట్ల పైన కప్పును కాస్త లేపి కిటికీ గూడు కట్టడం తప్ప వేరే దారి ఉండదు. ఆ ఖర్చు ముందు మెట్ల ధర తేడాలు లెక్కలోకి రావు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. మెట్లను వెన్నుకు అడ్డంగా, చూరు వైపు నుంచి వెన్ను వైపు ఎక్కేటట్టు పెడితే, మనిషి ఎక్కుతున్న కొద్దీ కప్పూ ఎక్కుతుంది. తక్కువ చోటులో నిటారుగా వేసే ఇరుకు మెట్లు సుమారు 42 డిగ్రీలు, మీ కప్పు 35 డిగ్రీలు, అంటే రెండూ దాదాపు జంటగా సాగుతాయి. పై అంచు దగ్గర 2 మీటర్లు దొరికితే కింది మెట్ల మీద కప్పు అడ్డం రాదు. పైగా కూర్చోవడానికి కూడా పనికిరాని చూరు వైపు చోటును మెట్లు తింటాయి, విలువైన వెన్ను కింది పట్టీ గదికి మిగులుతుంది. అదే వెన్ను పొడవునా మెట్లు పరిచారనుకోండి, గదిలో నిలబడగలిగే చోటంతా రంధ్రంగా మారిపోతుంది.

రంధ్రం అన్నాను కదా, దాని పరిమాణం చూసి చాలామంది ఉలిక్కిపడతారు. మెట్లు కింది అంతస్తు చోటునే తింటాయని అనుకుంటారు కానీ పై నేలలో కూడా దాదాపు అంతే తింటాయి. నేల, దూలాలు, కింది సీలింగు అన్నీ కలిపి 30 సెంటీమీటర్ల మందం అనుకుందాం. మెట్టు మీద 2 మీటర్ల ఖాళీ కావాలి. అంటే పై నేల కంటే 2.3 మీటర్లు దిగువన ఉన్న చోటు నుంచి పైదంతా తెరిచే ఉండాలి. 2.6 మీటర్ల ఎత్తులో మనిషి ఇంకా రెండో మెట్టు మీదికి రాకముందే రంధ్రం మొదలవుతుందన్నమాట. తిన్నటి ఇరుకు మెట్లకు ఈ రంధ్రం పొడవు సుమారు 2.5 మీటర్లు.

ఇప్పుడు రకాలు. పోల్చడానికి అన్నిటికీ ఒకే లెక్క పెట్టుకుందాం: 2.6 మీటర్లను 13 భాగాలు చేస్తే ఒక్కో మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు, పాదం మోపే మెట్లు 12 (పదమూడోది పై నేలే).

ఎంత ఎత్తు మెట్టుకు ఎంత లోతు (పాదం మోపే చోటు ముందు నుంచి వెనక్కి) ఉండాలన్నదానికి 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్సువా బ్లాండెల్ చెప్పిన సూత్రాన్నే మేం ఇప్పటికీ వాడతాం: రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు లోతు కలిపితే మనిషి ఒక అడుగు నిడివి రావాలి. ఇవాళ దాన్ని 60 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య పట్టుకుంటాం. 20 ఎత్తుకు 22 లోతు పెడితే 62, సూత్రానికి లొంగింది. ఎక్కడానికి నిటారుగా అనిపించినా కాలు తడబడదు. హాయిగా ఉండాలంటే 17.3 ఎత్తు, 28 లోతు కావాలి, కానీ అప్పుడు మెట్లు దాదాపు 4 మీటర్ల పొడవు పరుచుకుంటాయి. అటక ఇళ్లలో ఆ భాగ్యం ఎవరికీ దక్కదు.

తిన్నటి ఇరుకు మెట్లు 12 సార్లు 22, అంటే 2.64 మీటర్లు, ఆపైన కింద అడుగు పెట్టడానికి ఖాళీ. మీ 1.9 మీటర్లలో పట్టవు. పక్కన పెట్టేద్దాం.

ఎడమ-కుడి మెట్లు. ప్రతి పలకలో ఒక సగం వెడల్పుగా, ఒక సగం సన్నగా కోస్తారు, ఒకటి ఎడమకు వెడల్పు, తర్వాతది కుడికి. ఒకే కాలి మెట్ల మధ్య లోతు 22 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి పాదానికి చోటు సరిపోతుంది, కానీ ఒక్కో మెట్టుకు ముందుకు జరిగేది 11 సెంటీమీటర్లే. 12 మెట్లకు 1.32 మీటర్లు, రంధ్రం సుమారు 1.25 మీటర్లు. కాగితం మీద ఇంతకంటే తెలివైన మెట్లు లేవు. నిచ్చెనలా వెనక్కి తిరగాల్సిన పనిలేకుండా ముఖం ముందుకు పెట్టి దిగవచ్చు, ఆ గొప్ప దానికి ఉంది.

గోల ఎక్కడంటే, ఈ మెట్లకు జ్ఞాపకం కావాలి. ఏ కాలితో మొదలుపెట్టాలో ఒళ్లు గుర్తుంచుకోవాలి. మధ్యలో ఆగి వెనక్కి తిరగలేరు. రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి ఒక్కో మెట్టే దిగే అలవాటున్న పెద్దవాళ్లు వీటి మీద అసలు దిగలేరు. చిన్న పిల్లలదీ అదే దారి. మెట్ల మీద పడిపోవడాలు ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతాయి, ఈ 61 డిగ్రీల వాలులో తప్పిన అడుగుకు రెండో అవకాశం ఉండదు. రెండు వైపులా చేతిపట్టు తప్పనిసరి, అంటే చేతిలో బుట్ట పట్టుకుని దిగే మనిషి అప్పటికే నియమం తప్పినట్టు. నేను ఇవి బిగించిన ఇళ్లలో సంతోషంగా ఉన్నవాళ్లు ఎవరంటే, పైన ఒక్కరే, ఎప్పుడూ ఆ ఒక్కరే, పని గదిగా వాడుకునేవాళ్లు. రోజూ వాడే కాలికి వారం రోజుల్లో అలవాటవుతుంది. చుట్టానికి ఎప్పటికీ అలవాటు కాదు.

గుండ్రటి మెట్లు. చూడముచ్చటగా ఉంటాయి, అందుకే ఎక్కువ అమ్ముడుపోతాయి. 1.6 మీటర్ల వ్యాసం తీసుకుంటే, నడిమి స్తంభం, చేతిపట్టు పోగా మనిషి నడవడానికి సుమారు 70 సెంటీమీటర్లు మిగులుతుంది. వృత్తాన్ని 12 మెట్లుగా కోస్తే ఒక్కోటి 30 డిగ్రీలు. స్తంభం అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో మెట్టు లోతు 18 సెంటీమీటర్లే వస్తుంది. బయటి అంచు పట్టుకుని నడిస్తే 26 కూడా దొరుకుతుంది. అందుకే ఒక్క మనిషి బయటి వైపు నడిచినంతసేపు బాగుంటాయి. ఎదురుగా ఇంకొకరు వస్తే లోపలి వైపు జరగాల్సిన మనిషి పాదాల చివర మీద నిలబడాలి. అసలు చిక్కు సామానుతో. పరుపు వంగుతుంది, ఎలాగో పోతుంది. మంచం పలకలు, బీరువా, బల్ల పోవు. ఒక ఇంట్లో మెట్లు బిగించిన మర్నాడు బీరువా వచ్చింది. ఆ బీరువా ఇప్పటికీ కింది హాల్లోనే ఉంది, పైగదివాళ్లు బట్టల కోసం కిందికి వస్తారు.

ఇంకొకటి. గుండ్రటి మెట్లు చోటు మిగిలిస్తాయన్న నమ్మకం అంత గట్టిది కాదు. 1.6 మీటర్ల వ్యాసానికి పై నేలలో 1.7 మీటర్ల చదరపు రంధ్రం కోయాలి, మూలలు నాలుగూ ఎవరికీ అక్కరకు రావు. మీ నడవా వెడల్పు 1.6 కాబట్టి మీకు 1.5 వ్యాసం కూడా కష్టం మీదే పడుతుంది.

అమ్మేవారు మీకు చూపించని నాలుగో రకం ఉంది: మలుపు మెట్లు. చోటు లేక చతికిలబడే ఇళ్లలో నేను చివరికి ఎక్కువసార్లు పెట్టేది ఇవే. కొనుక్కొచ్చి తగిలించేవి కావు, మీ చోటుకు కొలిచి చేయాల్సినవి. దుకాణంలో కనబడకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

మూలలో చదునైన ల్యాండింగ్ బదులు, ఆ చదరాన్నే మూడు ముక్కోణపు మెట్లుగా కోస్తారు. ఒకే ఒక మలుపు పెడితే పెద్దగా కలిసిరాదు. మూడు మెట్లకు తిన్నగా పోతే 66 సెంటీమీటర్లు, 80 సెంటీమీటర్ల వెడల్పు మెట్లకు మూల 80 సెంటీమీటర్లు, పొడవు తగ్గకపోగా పెరుగుతుంది. మిగిలేది కింద అడుగు పెట్టే ఖాళీ పక్కకు తిరగడం ఒక్కటే. మొదట్లో ఈ లెక్క నాకూ వింతగా తోచింది. కానీ రెండు మూలలూ పక్కపక్కనే పెట్టి మెట్లను పూర్తిగా వెనక్కి తిప్పితే కథ మారుతుంది. మూడు తిన్నటి మెట్లు, ఆరు మలుపు మెట్లు, మళ్లీ మూడు తిన్నటి మెట్లు, మొత్తం 12. వెడల్పు 80 చొప్పున రెండు వరుసలు, అంటే 1.6 మీటర్లు. పొడవు మూల 80, తిన్నటివి 66, కలిపి 1.46 మీటర్లు.

మీ చోటు 1.6 కి 1.9. అచ్చంగా పడుతుంది, ముందు 44 సెంటీమీటర్లు ఖాళీ కూడా మిగులుతుంది, ఆపైన నడవా ఎలాగూ ఉంది. గోడల మధ్య అసలు ఖాళీ 1.6 కంటే ఒక్క సెంటీమీటరు తగ్గినా ప్రతి వరుసా అరసెంటీమీటరు సన్నబడుతుంది, అంతే. గుండ్రటి మెట్ల కంటే ఇది ఎందుకు మేలంటే, మొదలు, చివర తిన్నగా ఉంటాయి. మనిషి తడబడేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. చెక్కతో, వెనక పలక మూసి చేస్తే రాత్రిపూట ఇనుములా మోగదు. అవసరమైతే పెద్ద సామాను చేతిపట్టు మీదుగా ఇద్దరు ఎత్తి అందించుకోవచ్చు.

లోపం లేదని కాదు. మలుపు మెట్ల సన్న కొనలు ప్రమాదమే. మధ్య గీత మీద వాటి లోతు సుమారు 21 సెంటీమీటర్లు వస్తుంది, తిన్నటి మెట్ల 22 కు దగ్గర. కానీ లోపలి కొన కనీసం 5 సెంటీమీటర్లయినా ఉండేట్టు చేయమని గట్టిగా అడగండి, కొందరు దాన్ని స్తంభంలోకి సూదిమొనలా దూర్చేస్తారు. చేతిపట్టు బయటి గోడకు పెట్టించండి, లోపలి స్తంభానికి కాదు. చెయ్యి ఎటుంటే కాలు అటు పోతుంది.

పైన చెప్పిన వాలు కిటుకు దీనికీ పనిచేస్తుంది: మలుపు చూరు వైపు, చివరి మూడు మెట్లు వెన్ను వైపు ఎక్కేటట్టు తిప్పాలి. మెట్ల పై అంచు వెన్ను నుంచి 43 సెంటీమీటర్లలో ఉంటే మలుపు మూలలో కూడా మెట్టు నుంచి కప్పు దాకా దాదాపు 2 మీటర్లు మిగులుతుందని మీ కొలతలతో లెక్క కట్టి చూశాను. పై అంచు ఇంకా దూరంగా పడితే మిగలదు. అందుకే ఆ తూకపు గుండు కొలత అడిగాను.

రంధ్రం కోయడం మాత్రం మెట్ల మేస్త్రీతో తేల్చుకునే పని కాదు. అటక దూలాలు చాలా ఇళ్లలో కింది సీలింగును మోయడానికి వేసినవే, మనుషులు తిరిగే నేలకు చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల బరువు లెక్క వేస్తారు, రెండూ వేరు. కోసిన దూలాల చివరలను జంట అడ్డదూలాలకు కట్టాలి. కప్పు వాసాలు, దూలాలు త్రికోణాలుగా ఒకదానికొకటి ముడిపడి ఉన్న చట్రాలైతే ఒక్క ముక్క కోసినా కప్పు మొత్తం బలం పోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా రంపం ముట్టుకోవద్దు. మంటల విషయం కూడా ఆ పూటే మాట్లాడండి. నడవాలో తేలే మెట్లు వంటగదిలోనో హాల్లోనో తేలే మెట్ల కంటే చాలా నయం, ఎందుకంటే పొగకు మెట్లదారే పొగగొట్టం. రెండు అంతస్తుల్లోనూ ఒకటి మోగితే రెండోదీ మోగే పొగ అలారాలు పెట్టించండి.

ఒక తప్పు నేను చేసింది చెబుతాను, మీరు చేయకండి. పనిలోకి వచ్చిన కొత్తల్లో ఒక ఇంటికి సిమెంటు నేల నుంచి పై చెక్క వరకు కొలిచి మెట్లు చేశాను. తర్వాత వాళ్లు కింద పలకలు పరిచారు, పైన ఏమీ వేయలేదు. మొదటి మెట్టు రెండున్నర సెంటీమీటర్లు పొట్టిదైపోయింది. కంటికి తెలియదు, కాలికి తెలుస్తుంది. ఆ ఇంట్లో దిగిన ప్రతి మనిషీ ఆఖరి మెట్టు దగ్గర నేలను దబ్బుమని తన్నేవాడు. మెట్ల మధ్య అరసెంటీమీటరు తేడాను కూడా ఒళ్లు పసిగడుతుంది. నేల పనులు రెండు అంతస్తుల్లోనూ పూర్తయ్యాక కొలవమనండి, లేదా ఏం వేస్తారో దాని మందం ముందే ఖరారు చేసి కాగితం మీద రాసివ్వండి.

ఆర్డరు ఇచ్చే ముందు ఒక పూట కేటాయించి నడవాలో నేల మీద టేపుతో మెట్లన్నీ గీయండి, ఆరు ముక్కోణాలతో సహా. ఇంట్లో అందరినీ వాటి మీద నడిపించండి, చేతిలో సగం నిండిన బకెట్టు ఇచ్చి. ఎత్తు తెలియకపోయినా మలుపులో పాదం పడుతుందో లేదో తెలిసిపోతుంది. ఎడమ-కుడి మెట్ల మీద ఇంకా మనసుంటే, పాత పలకలతో నాలుగు మెట్లు కొట్టించి గోడకు ఆనించండి. ఎక్కడం చూడొద్దు, అందరూ ఎక్కేస్తారు. దిగమనండి.

చెక్క మెట్ల మీద మెరిసే వార్నిష్ వద్దు, మేజోళ్లతో జారుతుంది. మెట్టు ముక్కున జారుడు ఆపే పట్టీ వేయించండి. చేతిపట్టు ఎత్తు 90 సెంటీమీటర్లు, కమ్మీల మధ్య 10 సెంటీమీటర్ల బంతి దూరకూడదు, పైన రంధ్రం చుట్టూ కూడా. కింద, పైన రెండు చోట్లా మీట ఉన్న దీపం ఒకటి.

మీ మంచం, బల్ల, బీరువా మెట్లు బిగించక ముందే, రంధ్రం ఖాళీగా ఉన్న రోజునే పైకి చేర్చేయండి. ఆ గది నుంచి అవి మళ్లీ ఎప్పుడు దిగుతాయన్నది అప్పటి సంగతి. వెన్ను కొలత పంపండి, పై అంచు ఎక్కడ పెట్టాలో గీసి చూపిస్తాను.